మేయరు లేని ఊళ్ళో పర్యాటకానికి పెద్దదిక్కెవరు?

టాటానగర్ స్టేషన్‌లో దిగిన తెలుగువాడికి జంషెడ్‌పూర్ మరీ పరాయి ఊరులా అనిపించదు. బిస్టుపూర్‌లో రామమందిరం మనవాళ్ళదే. కదమాలో నాలుగు వీధులు తిరిగితే ఎక్కడో ఒకచోట శ్రీకాకుళం యాస వినబడుతుంది. చుట్టాలొస్తే చూపించడానికి జూబిలీ పార్కు, డిమ్నా సరస్సు, దల్మా కొండలు ఉండనే ఉన్నాయి.

ఈ మూడింటిలో ఒక్కటీ ఎన్నికైన నగరపాలక సంస్థ చేతిలో లేదు. అసలు నగరానికి అలాంటి సంస్థే లేదు. దాని బదులు నోటిఫైడ్ ఏరియా కమిటీ ఉంది. నీళ్ళు, రోడ్లు, చెత్త చాలావరకు టాటా స్టీల్ అనుబంధ సంస్థ చూస్తుంది. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక పట్టణంగా ప్రకటించింది. కంపెనీ తన యాభై ఏళ్ళ గుర్తుగా జూబిలీ పార్కు కడితే 1958లో నెహ్రూ ప్రారంభించారు. శుభ్రతలో వంక పెట్టలేం. కానీ పూలమొక్కలకు నీళ్ళు పోయడం వేరు, ఏనుగులు తిరిగే అడవికి జనాన్ని రప్పించడం వేరు.

దల్మా 1976 నుంచి అభయారణ్యం. విస్తీర్ణం 193 చదరపు కిలోమీటర్లు; చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని 2012లో ప్రకటించారు. చలికాలం వచ్చిందంటే డిమ్నా గట్టు మీద పిక్నిక్ జనం, ప్లాస్టిక్ పళ్ళేలు, స్పీకర్ల మోత. కొండ కింది పల్లెల్లో రిసార్టు కడతామని ఎవరైనా వస్తే కాదనేదెవరు?

చట్టం ప్రకారం ఆ మాట అనాల్సింది గ్రామసభ. దల్మా విస్తరించిన తూర్పు సింగ్‌భూమ్, సరాయికేలా-ఖర్సావాఁ రెండూ ఐదో షెడ్యూలు జిల్లాలే. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం వర్తిస్తుంది. అయితే ఝార్ఖండ్‌లో తొలిసారి పంచాయతీ ఎన్నికలు జరిగిందే 2010లో, అదీ 32 ఏళ్ళ విరామం తర్వాత. అలవాటు తప్పిన అధికారం ఒకటి రెండు ఎన్నికలతో చేతికి రాదు మరి.

చేయగల పల్లెలు లేకపోలేదు. ధాల్‌భూమ్‌గఢ్ దగ్గరి ఆమాడుబి చిత్రకారులు రాళ్ళు, ఆకుల రంగులతో పైట్‌కర్ పటాలు గీసి, వాటిని విప్పుతూ కథ పాడతారు. మన చేర్యాల నకాశీ పటాలకు దగ్గరి చుట్టాలనుకోండి. కేంద్ర పర్యాటక శాఖ ఆ ఊరిని గ్రామీణ పర్యాటక పథకంలో చేర్చి వసతులు కట్టించింది. నా దృష్టిలో కట్టడాలు సులువు. అవి ఎవరి పెత్తనంలో నడుస్తాయన్నదే అసలు సంగతి. మన మారేడుమిల్లిలో చూడండి, అతిథుల బస, భోజనాల పని వన సంరక్షణ సమితులు చేపట్టాయి. గిరిజనుడు అక్కడ కాపలాదారుగా మిగిలిపోలేదు.

దల్మాకూ కావలసింది అదే. ప్రవేశ రుసుములో ఏ గ్రామసభకు ఎంత వాటానో అటవీ శాఖ గేటు దగ్గర బోర్డు మీద రాసిపెట్టాలి. ఈసారి దల్మా మాకులాకోచా గేటులో టికెట్ కొనేటప్పుడు ఆ లెక్క మీరూ అడగండి.