గిటారు రొద - దాని జాడ తీయు విధము

విద్యుత్ గిటారు నేడు మన ప్రాంతమున అపురూపమైన వస్తువు కాదు. విశాఖపట్టణమునందును, పెందుర్తి చుట్టుపట్ల గ్రామములందును ఆరాధనలలోను, క్రిస్మసు పాటలలోను, కళాశాలల యుత్సవములలోను దానిని వాయించు యువకులు పెక్కురు కలరు. వాద్యము కొన్న నెల దినములలోనే వారిలో ననేకులు మా యొద్దకు వచ్చి చెప్పు ఫిర్యాదు ఒక్కటే: "మాస్టరుగారూ, తీగె ముట్టకున్నను పెట్టె గుంయిమని మ్రోగుచున్నది." దుకాణదారు నడిగినచో అంతకంటె వెలగల గిటారు కొనుమనును. స్నేహితుల నడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక్క వైద్యము చెప్పుదురు. ఆ వైద్యములలో నొకటి ప్రాణాంతకమైనది. అందుచేత ఈ విషయమును కొంచెము వివరముగా వ్రాయ సంకల్పించితిమి. తలిదండ్రులు కూడ దీనిని చదువవలెనని మా కోరిక. ఏలయనగా డబ్బు వారిది, పిల్లవాడును వారివాడే.

రొద యెక్కడినుండి వచ్చుచున్నదో కనుగొనుటకు ముందు పాట యెక్కడినుండి వచ్చుచున్నదో తెలిసికొనవలెను. 1831వ సంవత్సరమున మైకేల్ ఫారడే యను శాస్త్రజ్ఞుడు తీగెచుట్టకు సమీపమున అయస్కాంతబలము మాఱుచున్నప్పుడెల్ల ఆ చుట్టలో విద్యుత్తు పుట్టునని కనుగొనెను. విద్యార్థులలో కొందఱు దీనిని చదివియే యుందురు. గిటారు తంత్రుల క్రింద పికప్ అను చిన్న పెట్టె యుండును. దానిలో అయస్కాంతములును, వాని చుట్టు తలవెండ్రుకవలె సన్నని రాగితీగెయు నుండును. సాధారణముగా ఈ తీగె ఏడెనిమిది వేల చుట్లు చుట్టబడి యుండును. ఉక్కు తంత్రి కదలినప్పుడు అయస్కాంతబలము చలించును. చుట్టలో విద్యుత్తు పుట్టును. అది యెంత? ఒక వోల్టులో పదియవ వంతు, లేదా అంతకంటె కొంచెము హెచ్చుతగ్గు. యాంప్లిఫయరు దానిని పెంచి స్పీకరునకు పంపును. పాలకొల్లులో 1969లో జన్మించి, కర్ణాటక సంగీతమును మాండొలిన్ పై వాయించి లోకమును మెప్పించిన ఉప్పలపు శ్రీనివాసుగారు వాయించినదియు విద్యుత్ మాండొలినే. కావున ఇది కేవలము పాశ్చాత్యుల వేడుక యని యెవరును తలంపనక్కఱలేదు.

ఇప్పుడు చిక్కు గమనింపుడు. ఆ రాగిచుట్టకు తంత్రి యేదో, ట్రాన్సుఫార్మరు ఏదో తెలియదు. మాఱుచున్న అయస్కాంతబలము ఏదియైనను అది దానిని పాటగానే గ్రహించును. మన ఇండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులది. అది క్షణమునకు 50 మారులు అటునిటు ఊగును. అది ప్రవహించు ప్రతి తీగెచుట్టును, ప్రతి మోటారుచుట్టును అదే లయతో అయస్కాంతబలము ఊగుచుండును. కాగా గిటారు ఊరకున్నను ఊరంతయు దానిలో మ్రోగుచుండును.

చెవి గలవాడు పరికరములు లేకయే ఇచ్చట కొంత సంగతి గ్రహింపవచ్చును. గిటారులో మిక్కిలి లావైన తంత్రిని విడిగా మీటినచో క్షణమునకు సుమారు 82 కంపనములు కలుగును. అదే తంత్రిని మూడవ మెట్టున నొక్కి మీటిన 98 కలుగును. మీకు వినబడు రొద యీ మూడవ మెట్టు స్వరమునకు దాదాపు సరిపోయినచో అది 100 అనియు, దానికి ఒక స్థాయి క్రిందుగా నున్నచో 50 అనియు ఎంచవచ్చును. రెండింటికిని మూలములు వేఱు. యాంప్లిఫయరులో ఊగు కరెంటును నిలుకడ కరెంటుగా మార్చు భాగము కలదు. అది రెండు దిశల ఊపులను ఒకే దిశకు త్రిప్పును గాన 50 కి రెట్టింపగు 100 అలలు కలుగును. ఆ అలలను చదును చేయుటకు కెపాసిటరులు అమర్చబడును. అవి ముసలివైనచో అలలు మిగిలిపోయి స్పీకరులో వినబడును. కావున 100 యొక్క రొద పాత యాంప్లిఫయరు లోపమును సూచించును. 50 యొక్క రొద బయటినుండి చొరబడినదిగా తఱచు తేలును. ఇది కాక సన్నగా, కరకరలాడుచు, చిమ్మెట కూతవలె వినబడునది మూడవది. ఫాను రెగ్యులేటరులు, వెలుగు తగ్గించు మీటలు, కొన్ని చౌకబారు దీపములు దీనికి కారణము. జేబులోని ఫోను సైతము ఒక్కొక్కప్పుడు టికటికమను చప్పుడు పుట్టించును.

గత డిసెంబరు మాసమున పెందుర్తిలోని యొక సభామందిరములో పాటల అభ్యాసము జరుగుచుండగా ఇట్టి రొద విపరీతముగా వచ్చెను. వేదికపై గిటారు, యాంప్లిఫయరు; మందిరము వెనుకభాగమున మైకుసెట్టు వారి మిక్సరు; రెండింటి నడుమ పొడవైన త్రాడు. మేము వెదకిన క్రమమును చెప్పెదము. ఏలయనగా ఈ పనిలో పరికరములకంటె క్రమమే ముఖ్యము. అన్నియు కలిపియుంచి అది కదలించి, ఇది తిప్పి చూచువానికి రాత్రియంతయు గడచినను ఫలము దొరకదు.

మొదట మిక్సరునకు పోవు త్రాడు తీసివేసి, గిటారును యాంప్లిఫయరును మాత్రమే యుంచితిమి. రొద కలదు. యాంప్లిఫయరు మీద ధ్వని మీటను సున్నకు త్రిప్పితిమి; పెట్టె నిశ్శబ్దమయ్యెను. దీనివలన కరెంటును చదును చేయు భాగము బాగుగనే యున్నదనియు, దోషము అంతకు ముందున్నదనియు తెలిసెను. పిమ్మట ఆ మీటను యథాస్థానమునకు తెచ్చి, గిటారు మీదనున్న మీటను సున్న చేసితిమి. ఆ మీట సున్నయందున్నప్పుడు పికప్ నుండి యేమియు రాదు. అయినను రొద తగ్గలేదు! అనగా గిటారు నిర్దోషి. మిగిలినది గిటారునకును పెట్టెకును నడుమ త్రాడు. ఇచ్చట త్రాడును గిటారునుండి ఊడదీసి, రెండవ కొన గాలిలో వదలి పరీక్షించుట కొందఱి వాడుక. అది వ్యర్థము, మంచి త్రాడైనను కొన విడిచియుంచినచో ఏరియలువలె పనిచేసి రొద చేయును. మేము వేఱొక త్రాడు తగిలించితిమి. రొద ముప్పాతిక వంతు పోయెను. పాత త్రాడు యొక్క జాకు మర విప్పి చూడగా నడిమి తీగె సరిగనే యుండెను గాని, దాని చుట్టు కవచమువలె నుండు జడతీగె సోల్డరు చేసిన చోట తెగియుండెను. ఆ జడ లోపలి తీగెను బయటి కరెంటునుండి కాపాడును, గిటారునుండి తిరుగుదారియు నదియే. కుఱ్ఱవాండ్రు త్రాడును జాకు పట్టుకొని కాక తోక పట్టుకొని లాగుటచేత ఇది జరుగును. వెంట్రుకవాసి సోల్డరు వేయగా త్రాడు బాగయ్యెను.

అయినను సన్నని రొద మిగిలెను. గిటారు పట్టిన విద్యార్థిని తంత్రులపై చేయి యుంచుమంటిమి, మార్పు లేదు. నెమ్మదిగా చుట్టు తిరుగుమంటిమి. అతడు తూర్పునకు తిరిగినప్పుడు రొద పెరిగెను, ఉత్తరమునకు తిరిగినప్పుడు దాదాపు మాయమయ్యెను. పిల్లలు నవ్విరి గాని ఈ రెండు పరీక్షలును మిక్కిలి విలువైనవి. తంత్రులను ముట్టగానే రొద తగ్గినచో అది గాలిలోని విద్యుద్బలమువలన కలిగినది. గిటారు లోపల రాగిరేకు అంటించి దానిని అరికట్టవచ్చును. ముట్టినప్పుడు మార్పు లేక, తిరిగినప్పుడు మాఱినచో అది అయస్కాంతబలమువలన కలిగినది. రాగిరేకు ఎంత అంటించినను దానిని ఆపజాలదు. ఈ భేదము తెలియక రేకులపై డబ్బు పోసినవారిని మేమెఱుగుదుము. వేదికపై పాతకాలపు చోకులు గల ట్యూబులైట్లు నాలుగు వరుసగా నుండెను. వానిని ఆర్పగానే రొద పోయెను. చోకు అనునది ఇనుపరేకులపై చుట్టిన తీగెచుట్టయే గదా.

తరువాత మిక్సరు త్రాడు మరల తగిలించితిమి. మందిరపు స్పీకరులన్నియు గుంయిమనెను. ఇది ప్రత్యేకమైన వ్యాధి. యాంప్లిఫయరు వేదిక గోడనున్న ప్లగ్గునందును, మిక్సరు వెనుకగోడ ప్లగ్గునందును ఉండెను. రెండింటికిని ఎర్తు కలదు. గోడలలోని ఎర్తు తీగె ఒక దారి, నడిమి త్రాడులోని జడతీగె మఱియొక దారి. రెండును కలిసి మందిరమంత పెద్ద తీగెచుట్ట యొకటి యేర్పడెను. ఇంత చుట్టలో చుట్టుపట్ల కరెంటు ఊపులు విద్యుత్తును పుట్టింపకుండునా? అది పాటతో కలిసిపోవును. దీనికి మందు సులభము. రెండు పరికరములకును ఒకే చోటినుండి కరెంటు ఇచ్చుట. వెనుకనున్న మిక్సరు బోర్డునుండి ఎర్తు గల మంచి ఎక్స్‌టెన్షను తీగెను వేదిక వరకు తెచ్చి యాంప్లిఫయరును దానికే తగిలింపగా నిశ్శబ్దమయ్యెను. అట్లు వీలుకానిచో కచేరీల వారు డీ.ఐ. పెట్టె యని పిలుచు చిన్న పెట్టెను నడిమి త్రాడులో నుంచవలెను. అది పాటను పోనిచ్చి జడతీగె దారిని మాత్రము తెంచును.

ఎక్స్‌టెన్షను తీగె తెచ్చుటకు ముందే అచ్చట నున్న యొక పెద్దమనిషి, "ఇంత శ్రమ యెందుకు? ప్లగ్గులో పెద్దపుల్ల విరిచివేయుడు, రొద పోవును" అని సలహా యిచ్చెను. రొద పోవుమాట నిజమే. చుట్ట తెగును గదా. ఆ పెద్దపుల్ల యెందుకు మిగిలిన రెండింటికంటె పొడవుగాను లావుగాను చేయబడినదో ఆలోచింపుడు. అది అన్నిటికంటె ముందు తగిలి, అన్నిటికంటె వెనుక విడిపోవలెనని. యాంప్లిఫయరు లోపల కరెంటు తీగె యెప్పుడైన ఊడి ఇనుపపెట్టెకు తగిలినచో, ఎర్తు ద్వారా పెద్ద ప్రవాహము పోయి ఫ్యూజు ఎగిరిపోవును. ఎర్తు లేనిచో 230 వోల్టులు పెట్టెనుండి జడతీగెకు, జడతీగెనుండి తంత్రులకు వచ్చి వేచియుండును. వాయించువాని చేతులు తంత్రులపై నుండును, పెదవులు ఎర్తు గల మైకునకు తగులును. నడుమ నుండునది అతని గుండె. 1972వ సంవత్సరమున బ్రిటను దేశములోని స్వాన్సీ పట్టణమున లెస్లీ హార్వీ యను గిటారు వాద్యకారుడు వేదికమీదనే, ప్రేక్షకులు చూచుచుండగా, ఎర్తు సరిగా లేని మైకును తాకి మరణించెను. అతనికి ముప్పది యేండ్లు కూడ నిండలేదు. రొద చెవికి బాధ మాత్రమే. ఎర్తు పుల్లను విరుచుట రొదను అమ్మి మృత్యువును కొనుట. ఆ పెద్దమనిషి మాట మేము వినలేదు. కొంచెము కటువుగనే కాదంటిమి.

అదే వారమున ప్రక్కగదిలో అభ్యాసము చేయుచున్న యొక బాలిక మైకు పెదవికి తగిలినప్పుడు చీమ కుట్టినట్లు జిల్లుమన్నదని చెప్పెను. తోడి పిల్లలు దానిని పరిహాసము చేసిరి. మేము వెంటనే అన్నియు ఆర్పించితిమి. ఇట్టి జిల్లు ఎంత స్వల్పమైనను పాట ఆపవలసినదే. తడిచేతితోనో, వట్టికాళ్లతోనో ముట్టినప్పుడు అది స్వల్పముగా నుండదు. లైసెన్సు గల ఎలక్ట్రీషియను వచ్చి పరీక్షింపగా, గోడలోని ప్లగ్గునకు మూడవ రంధ్రము కలదు గాని దాని వెనుక తీగెయే లేదు. ఎర్తుగుంట కూడ ఎండి, అందలి కడ్డీ తుప్పుపట్టి యుండెను. మన సముద్రతీరపు తేమగాలికి ఇనుము నిలువదు. గిటారు జాకులు సైతము నల్లబడి చిటపటలాడుట ఇందువలననే. వానిని నెలకొకసారి పొడిగుడ్డతో తుడుచుట మంచిది.

వెలగల గిటారు కొనినచో రొద పోవునా యని అడుగుదురు. కొంతవరకు పోవును. అమెరికాలో గిబ్సన్ కంపెనీయందు పనిచేసిన సెత్ లవర్ అనునతడు 1955లో రెండు చుట్టల పికప్ ను కల్పించెను. దానిపై హక్కుపత్రము 1959లో లభించెను. రెండు చుట్టలును ఎదురెదురు దిశలలో చుట్టబడును. వాని అయస్కాంతములును తలక్రిందులు. బయటి రొద రెండింటిలోను సమానముగా పుట్టి, ఎదురెదురై ఒకదానినొకటి చంపుకొనును. తంత్రి పాట మాత్రము అయస్కాంతము కూడ తిరుగబడి యున్నందున ఒకే దిశలో కూడుకొనును. ఇంత తేట యుక్తి మఱియొకటి మేము చూడలేదు. కాని దాని స్వరము కొంచెము మందము. సన్నని మిలమిలలాడు స్వరము కోరువారు ఒంటిచుట్టనే వాడుచు, దాని రొదను కొంత సహించుచుందురు. అది అభిరుచి సంగతి. తెగిన త్రాడునకును, ఎర్తు చుట్టకును వెలగల గిటారు కూడ మందు కాదు.

ఇక యాంప్లిఫయరులోనే దోషమని తేలినచో విద్యార్థులు దానిని విప్పరాదు. ముఖ్యముగా వాల్వులు గల పెట్టెలలో కెపాసిటరులు వందల వోల్టులను, ప్లగ్గు తీసివేసిన తరువాత కూడ, దాచియుంచుకొనును. అది మరమ్మతు తెలిసినవాని పని.

ఆ గదికి ఇప్పుడు క్రొత్త తీగెయు, ప్రవాహము 30 మిల్లీ ఆంపియరులు దారితప్పినంతనే కరెంటును తెంచు మీటయు అమర్చబడినవి. గుంటలో క్రొత్త కడ్డీ దింపి, చుట్టు బొగ్గు, ఉప్పు నింపినారు. మట్టి ఎండినచో ఎర్తు పనిచేయదు గనుక మార్చి మొదలు వానలు పడువఱకు వారమునకు రెండు బిందెల నీరు అందులో పోయవలెను. ఈ పనిని తొమ్మిదవ తరగతివారు వంతులవారీగా చేయుచున్నారు. ఎవరి వంతు ఏ శనివారమో గదితలుపు మీద వ్రాసి అంటించితిమి.