మామోగ్రామ్‌లో దాక్కున్న గడ్డ, ఎంఆర్ఐ లెక్కలు

మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా, పాలగ్రంథుల కణజాలం తెల్లగా పడుతుంది. క్యాన్సర్ గడ్డదీ తెలుపే. కణజాలం చిక్కగా ఉన్న రొమ్ములో ఆ రెండూ కలిసిపోతాయి, రిపోర్టు ‘నార్మల్’ అని వస్తుంది. ఈ చిక్కదనం చేతికి తెలిసేది కాదు, ఫిల్ములోనే తేలాలి.

అలాంటివారికి ఎంఆర్ఐ కూడా చేస్తే ఎంత లాభమో నెదర్లాండ్స్‌లో లెక్కగట్టారు. 50-75 ఏళ్ల వయసు, అత్యంత చిక్కటి రొమ్ము, నార్మల్ మామోగ్రామ్ ఉన్న 40,373 మందిలో 8,061 మందిని లాటరీ పద్ధతిలో ఎంచి ఎంఆర్ఐకి పిలిచారు. 2019లో ఫలితాలు వచ్చాయి. మామోగ్రామ్ ఒక్కటే చేయించుకున్నవారిలో, తర్వాతి పరీక్షలోపే బయటపడ్డ క్యాన్సర్లు వెయ్యికి 5. ఎంఆర్ఐకి పిలిచినవారిలో 2.5.

పిలిస్తే వచ్చింది 59 శాతమే. వచ్చినవారిలో ఆ సంఖ్య 0.8, రానివారిలో 4.9. ఈ ఇద్దరూ ఒకేలాంటివారని అనలేం కనుక 2.5నే నమ్మాలి. అయినా 0.8ని తేలిగ్గా తీసెయ్యలేను.

ఎంఆర్ఐ చూసేది రక్తప్రసారాన్ని. పెరిగే గడ్డ తనకోసం కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుంది, వాటి గోడలు పలచన. చేతి నరంలోకి ఎక్కించిన గాడోలినియం మందు అక్కడ త్వరగా చేరి మెరుస్తుంది. చుట్టూ కణజాలం ఎంత చిక్కగా ఉన్నా ఆ మెరుపు చాలావరకు బయటపడుతుంది.

కానీ క్యాన్సర్ కానివీ మెరుస్తాయి. మొదటి విడత ఎంఆర్ఐ చేయించుకున్న 4,783 మందిలో 454 మందిని మళ్లీ రమ్మన్నారు. 300 మందికి బయాప్సీ చేశారు. క్యాన్సర్ తేలింది 79 మందికి. అంటే 375 మంది లేని జబ్బుకు భయపడ్డారు. ఇది చిన్న విషయం కాదు, పరీక్షకు ముందే చెప్పాల్సిన సంగతి. రెండో విడతకు పోల్చిచూసుకునే పాత చిత్రం ఉంటుంది. అప్పుడు ఈ తప్పుడు అనుమానాలు వెయ్యికి దాదాపు 80 నుంచి 26కు దిగాయి. మరణాలు తగ్గుతాయా అన్నది ఈ అధ్యయనం తేల్చలేదు.

అమెరికాలో 2024 సెప్టెంబరు నుంచి మామోగ్రామ్ చేయించుకున్న ప్రతి మహిళకూ చిక్కదనం గురించి రాతపూర్వకంగా చెప్పి తీరాలి. అక్కడి మన ఆడపడుచులు ఆ వాక్యాన్ని చదివి, తమకు ఎంఆర్ఐ అవసరమా అని డాక్టరును అడగాలి. రొమ్ము క్యాన్సర్ ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవారికైతే చిక్కదనంతో పనిలేకుండా ఏటా ఎంఆర్ఐ చేయించమని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2007 నుంచే చెబుతోంది, మామోగ్రామ్ మానకుండా. కొన్ని తొలిదశ క్యాన్సర్లను పట్టిచ్చే సన్నటి సున్నపు రేణువులు మామోగ్రామ్‌లోనే బాగా కనిపిస్తాయి.