వలకట్టిన సముద్రం

మనుషుల సంరక్షణలో ఉన్న డాల్ఫిన్‌ల గురించి జరిగే చర్చ చాలాకాలం కొలతల చుట్టూనే తిరిగింది. అమెరికా ప్రభుత్వ నిబంధనల ప్రకారం బాటిల్‌నోజ్ డాల్ఫిన్‌ను ఉంచే కొలనుకు అడ్డుకొలత కనీసం 7.32 మీటర్లు, లోతు కనీసం 1.83 మీటర్లు ఉండాలి. రెండున్నర మీటర్లకు పైగా పెరిగి, సముద్రంలో రోజూ పదుల కిలోమీటర్లు ఈదే జంతువుకు ఈ కొలత ఎంత ఇరుకో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే కొలనును ఎంత పెద్దదిగా కట్టినా అందులోని నీరు ఎలాంటిదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది కాబట్టి, తీరంలోని ఒక చిన్న అఖాతాన్నో, నీటిపాయనో వలలతో వేరుచేసి సముద్రపు నీటిలోనే డాల్ఫిన్‌లను ఉంచే పద్ధతి ఇటీవలి దశాబ్దాలలో ప్రాధాన్యం సంతరించుకుంది.

కాంక్రీటు కొలనులో నీరు ఒక మూసివేసిన వలయంలో తిరుగుతుంది. రెండువందల కిలోల డాల్ఫిన్ రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల చేపలు తిని, అందులోని నత్రజనిలో అధికభాగాన్ని మూత్రరూపంలో అదే నీటిలోకి వదులుతుంది. ఇసుక వడపోతలు ఘనవ్యర్థాలను ఆపగలిగినా సూక్ష్మజీవులను చంపడానికి చాలాచోట్ల క్లోరిన్‌ను గానీ ఓజోన్‌ను గానీ వాడవలసి వస్తుంది. క్లోరిన్ ఆ నత్రజని పదార్థాలతో కలిసినప్పుడు ఏర్పడే క్లోరమైన్లు డాల్ఫిన్‌ల కళ్లనూ చర్మాన్నీ మండిస్తాయి. పైగా క్లోరిన్ కలిసిన నీటిలో చేప గానీ నాచు గానీ బతకదు కనుక డాల్ఫిన్‌కు వెంటాడడానికీ, వెతకడానికీ ఏమీ మిగలదు.

నీటి మార్పు ఎంత ప్రభావం చూపగలదో తెలిపే ప్రసిద్ధ ఉదాహరణ కైకో. డాల్ఫిన్ కుటుంబంలోకెల్లా పెద్దదైన ఓర్కా జాతికి చెందిన ఈ మగ జంతువు మెక్సికో నగరంలోని ఒక వినోద ఉద్యానవనంలో, కృత్రిమంగా ఉప్పు కలిపిన వెచ్చని నీటిలో ఏళ్లతరబడి ఉండగా, వైరస్ వల్ల దాని చర్మంపై పులిపిరుల వంటి కురుపులు లేచాయి. 1996 జనవరిలో దానిని అమెరికాలోని ఒరెగాన్ తీరానికి తరలించి, పక్కనున్న అఖాతం నుంచి తోడిన చల్లని సముద్రపు నీటిలో ఉంచిన తరువాత కురుపులు తగ్గిపోయాయి, బరువు కూడా బాగా పెరిగింది. ఈ ఫలితంలో మెరుగైన ఆహారానికీ, వైద్యానికీ, విశాలమైన కొలనుకూ వాటా ఉంది; ఘనతంతా నీటిదే అనడం శాస్త్రీయం కాదు.

సహజ ఆవాస నిర్మాణంలో అన్నిటికంటే కష్టమైన పని స్థలాన్ని ఎంచడం, ఎందుకంటే కొలనులో యంత్రాలు చేసే పనినంతా ఇక్కడ ఆటుపోట్లే చేయాలి. సగటు లోతు ఐదు మీటర్లున్న చోట పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టంలో తేడా అర మీటరే అయితే, ఒక్కో పోటుతో కొత్తగా చేరే నీరు మొత్తంలో దాదాపు పదోవంతు మాత్రమే. అందులోనూ కొంత భాగం అంతకుముందు బయటికి పోయిన నీరే మళ్లీ వెనక్కి రావడం. అందువల్ల ఒకే మొగ ఉన్న మూసుకుపోయిన అఖాతం చూడడానికి ఎంత ప్రశాంతంగా ఉన్నా డాల్ఫిన్‌లకు మంచి చోటు కాదు. ప్రవాహం ఒకవైపు నుంచి వచ్చి మరోవైపుకు సాగిపోయే చోటు కావాలి, అయితే ఆ ప్రవాహం పిల్ల డాల్ఫిన్‌లను వలకేసి నెట్టేంత వేగంగా ఉండరాదు. నీరు కదలని చోట మలం, తినకుండా వదిలిన చేప ముక్కలు అడుగున పేరుకుని, కుళ్లుతూ, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను హరిస్తాయి. డాల్ఫిన్ గాలినే పీల్చుకుంటుంది కనుక దానికి వెంటనే హాని కలగకపోయినా, అడుగునున్న సముద్రపు గడ్డి, పీతలు, చేపలు నశించి, ‘సహజం’ అన్న విశేషణానికి అర్థం లేకుండా పోతుంది.

నదీముఖాలకూ, పట్టణాల మురుగుకాలువలకూ దూరంగా ఉండడం రెండో నియమం. సముద్రపు నీటిలో సాధారణంగా లీటరుకు 35 గ్రాముల లవణాలుంటాయి. ఈ పరిమాణాన్నే లవణీయత అంటారు. భారీ వర్షాల తరువాత వరదనీరు చేరి లవణీయత వారాల తరబడి పడిపోతే డాల్ఫిన్ చర్మం ఉబ్బి, మచ్చలు పడి, పుండ్లు పడుతుంది. 2005లో కత్రినా తుపాను తరువాత అమెరికా దక్షిణ తీరంలోనూ, ఆపైన ఆస్ట్రేలియా తీర జలాలలోనూ గమనించిన ఈ స్థితిని 2020లో పరిశోధకులు మంచినీటి చర్మవ్యాధిగా నిర్వచించారు. విరివిగా వానలు కురిసే తీరంలో ఆవాసం కట్టదలచినవారు ఏడాది సగటు లవణీయతతో తృప్తిపడకుండా, అతి చెడ్డ వానకాలంలో అది ఎంతకు దిగజారిందో చూడవలసి ఉంటుంది.

స్థలం ఎంపికలో శబ్దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. సముద్రంలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో, అంటే గాలిలో కంటే నాలుగు రెట్లకు మించిన వేగంతో ప్రయాణిస్తుంది. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వని వినబడదు, డాల్ఫిన్ మాత్రం దాదాపు 150 కిలోహెర్ట్జ్ వరకూ వింటూ, తాను వదిలే టిక్కు టిక్కు ధ్వనుల ప్రతిధ్వనులతో పరిసరాలను గుర్తిస్తుంది. దీనినే ప్రతిధ్వని మార్గనిర్దేశం అంటారు. నునుపైన కాంక్రీటు గోడలు ధ్వనిని బలంగా తిప్పికొడితే, గరుకైన రాళ్లు, ఇసుక, గడ్డి ఉన్న అడుగు దానిని చెదరగొట్టి కొంత తనలో ఇముడ్చుకుంటుంది. కానీ పక్కనే మరపడవలు తిరిగే రేవు ఉంటే ఈ లాభం మిగలదు, కాబట్టి స్థలపరీక్షలో నీటిలోపలి మైక్రోఫోన్లతో చేసే కొలతలకు నీటి నాణ్యత పరీక్షలంత విలువ ఇవ్వాలి.

వల విషయం చిన్నదిగా కనిపిస్తుంది, చిన్నది కాదు. వదులుగా వేలాడే వలలో చిక్కిన డాల్ఫిన్ ఊపిరికోసం పైకి రాలేక మునిగి చనిపోతుంది కాబట్టి వలను బిగుతుగా, ముక్కు గానీ రెక్క గానీ దూరని కన్నుతో కట్టాలి. కొద్ది వారాలలోనే నాచు, ఆల్చిప్పలు, బార్నకిల్‌లు పట్టి వల బరువెక్కుతుంది, కన్నులు మూసుకుపోయి నీటి ప్రవాహం మందగిస్తుంది. చిరుగులను వెతకడానికి గజ ఈతగాళ్లు తరచూ దిగాలి. దక్షిణ కొరియాలోని జేజు దీవి వద్ద 2013లో, విడుదలకు సిద్ధం చేస్తున్న సాంపాల్ అనే ఆడ డాల్ఫిన్ వల చిరుగులోంచి తప్పించుకుని, కొద్దిరోజుల్లోనే సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే డాల్ఫిన్‌ల గుంపులో చేరి, 2016లో పిల్లతో కనిపించింది. నిర్వహణ లోపానికి ఇంత మంచి ఫలితం దక్కడం అరుదు.

ఉప్పెన వస్తే వలలేవీ నిలవవు. అందుకే గట్టున కొలను లేని సముద్ర ఆవాసాన్ని అసంపూర్ణ నిర్మాణంగానే పరిగణించాలి. తుపానుకూ, జబ్బుకూ, చమురు తెట్టుకూ ఆశ్రయం అదే. ఐస్‌లాండ్‌లోని వెస్ట్‌మన్ దీవుల్లో క్లెట్స్‌విక్ అఖాతం ఈ పాఠాన్ని రెండుసార్లు చెప్పింది. గాలి తీవ్రతకు పేరుపడిన ఆ చోటికి 1998లో కైకోను తెచ్చినప్పుడు తుపానులు దాని ఆవరణను దెబ్బతీశాయి. 2019 జూన్‌లో షాంఘై నుంచి రెండు బెలూగా తిమింగలాలను తెచ్చినప్పుడు, అవి చల్లని నీటికి అలవాటు పడేందుకు ముందుగా గట్టునున్న కొలనులోనే ఉంచి, 2020 ఆగస్టులో గానీ అఖాతంలోకి దించలేదు. ఆ తరువాత కూడా వాటిని మళ్లీ గట్టునున్న కొలనుకు తీసుకురావలసి వచ్చింది. అఖాతం వైశాల్యం 32,000 చదరపు మీటర్లు, లోతు పది మీటర్ల వరకూ ఉంది. అయినా జంతువు సిద్ధపడేదాకా ఆ విశాలత ఉపయోగపడలేదు.

బాల్టిమోర్‌లోని నేషనల్ అక్వేరియం తన డాల్ఫిన్‌లను సముద్ర ఆవాసానికి తరలిస్తామని 2016లో ప్రకటించి, అందుకు 2020 చివరిని గడువుగా పెట్టుకుంది. తగిన చోటు దొరకడమే పెద్ద పనైపోయి ఆ గడువు దాటిపోయింది. ఇది సంస్థ అలసత్వం కన్నా ఎక్కువగా, పైన చెప్పిన షరతులన్నీ ఒకే తీరంలో కలవడం ఎంత అరుదో తెలియజేస్తుంది. ఇలాంటి చిక్కుకు మొదట్లోనే తావివ్వకుండా, భారతదేశంలో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ 2013 మే నెలలో డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వవద్దని రాష్ట్రాలకు సూచించింది.