మోటారు తీసికొను చేబదులు

పొలముల నడుమ దిమ్మెపై నిలిచిన ట్రాన్స్‌ఫార్మరునకు బిగించిన పలకను చదివినవారు, అందు 100 కె.వి.ఏ. అని యుండుటయే గాని 100 కిలోవాట్లని యుండకపోవుటను గమనించియే యుందురు. ఈ భేదము అకారణము కాదు.

ఇండక్షన్ మోటారు తిరుగవలెనన్న దాని ఇనుపరేకులలో అయస్కాంత క్షేత్రమొకటి ఏర్పడవలెను. అందులకు వలయు శక్తిని మోటారు లైనునుండి చేబదులుగా గైకొని, సెకనులో నూరవవంతు గడచులోపలనే తిరిగి యిచ్చివేసి, మరల గైకొనుచుండును. బదులు తీరిపోవుచున్నది గనుక ఇంటి మీటరు దానిని లెక్కింపదు. కాని రాకకును పోకకును మోయవలసిన కరెంటుచేత తీగ వేడెక్కుట మాత్రము తప్పదు. పనికి వినియోగమగు సామర్థ్యమును భూమిగను, ఈ వచ్చిపోవు సామర్థ్యమును (దీని కొలత కె.వి.ఏ.ఆర్.) లంబముగను గీచిన త్రిభుజమునందు కర్ణమే దృశ్య సామర్థ్యము, అనగా కె.వి.ఏ. భూమిని కర్ణముచే భాగింపగా లభించునది పవర్ ఫాక్టరు.

అయిదు హెచ్.పి. పంపుసెట్టునే తీసికొందము. అది ఇరుసుపై ఇచ్చునది 3.73 కిలోవాట్లు, దక్షత నూటికి 80 వంతులైనచో లైనునుండి పుచ్చుకొనునది సుమారు 4.66. పవర్ ఫాక్టరు 0.75 అయినపుడు దృశ్య సామర్థ్యము 6.2 కె.వి.ఏ.కు ఎగబ్రాకును, 415 వోల్టులవద్ద ఒక్కొక్క ఫేజులో 8.6 ఆంపియర్లు ప్రవహించును. మోటారు చెంతనే 2 కె.వి.ఏ.ఆర్. కెపాసిటరును కలిపితిమా, చేబదులులో దాదాపు సగము ఆ చిన్న డబ్బాయే సమకూర్చును. పవర్ ఫాక్టరు 0.91కి హెచ్చి, లైనులో కరెంటు 7.1 ఆంపియర్లకు దిగును. తీగలోని నష్టము కరెంటు వర్గమును బట్టి యుండును గనుక, ఆరింట ఒకవంతు మాత్రమే తగ్గిన కరెంటు నష్టమును మూడింట ఒకవంతు తగ్గించుచున్నది! పదహారు మోటార్లకే నిండిపోవు 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు ఇపుడు పందొమ్మిదింటిని మోయగలదు. లోనిచుట్లు కాలునది కరెంటు వలన. ఆ కరెంటు పని చేసినదా, ఊరక వచ్చిపోయినదా అను విచారణ రాగితీగకు లేదు. పలకపై కిలోవాట్లు లేకుండుటకు కారణమిదియే.

కెపాసిటరును సబ్‌స్టేషనులో పెట్టిన చాలదా యందురేమో. ఉపశమనము కలుగునది విద్యుత్తు వచ్చు వైపుననే. సబ్‌స్టేషను మొదలు బోరుదాక సాగు తీగలు మునుపటివలెనే వేగుచుండును.

2004లో ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఆరంభమైన పిదప పంపుసెట్టుకు కెపాసిటరు ఉండవలెనని నిబంధన విధించిరి. అది న్యాయమే. బిల్లు లేని రైతునకు దీనివలన లాభమేమి యనువారు లైను చివరి బోరువద్ద సాయంకాలము వోల్టేజి ఎంతకు దిగునో చూడవలెను: కరెంటు తగ్గినకొలది ఆ దిగుడును తగ్గును.

ఉబ్బిన డబ్బాను, తెగిన కొసలను చూచినచో విద్యుత్తు సిబ్బందిచేతనే మార్పించుకొనుడు. స్విచ్చి ఆపిన పిమ్మటను కెపాసిటరులో విద్యుదావేశము కొంతతడవు నిలిచియుండును.