తాళం చెవి ఇస్తే చాలదు, శిక్షణ ఇవ్వాలి



కొంతకాలం క్రితం ఒక సాయంత్రం మా క్యాజువాలిటీకి 22 ఏళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు. ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయింది. అతను ఒక గోడౌన్‌లో బస్తాలు సర్దే పని చేస్తాడు. ఆ రోజు ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు సెలవు పెట్టడంతో సూపర్‌వైజరు తాళం చెవి ఇతని చేతిలో పెట్టాడు. బస్తాలను పైకెత్తి ఉంచే మలుపు తిప్పేసరికి బండి పక్కకు ఒరిగింది. భయపడి బయటికి దూకాడు. బండి పైకప్పు ఇనుప కమ్మీ కాలి మీద పడింది.

"మావాడు ట్రాక్టరు నడుపుతాడు సిస్టరమ్మా, ఇదెంత పని అనుకున్నాడు" అంటూ తల్లి ఏడ్చింది. ఆ మాట విన్నాకే ఈ వ్యాసం రాయాలనుకున్నాం. మన కుటుంబాల పిల్లలు ఓడరేవుల్లో, గోడౌన్లలో, ఫ్యాక్టరీల్లో, గల్ఫ్ దేశాల్లో ఇలాంటి పనుల్లో ఉన్నారు కదా!

ఈ బండి ఎందుకు వేరు?

ఫోర్క్‌లిఫ్ట్ ఒక త్రాసు లాంటిది. ముందు చక్రాలు త్రాసు ముల్లు అనుకోండి. ముందువైపు బరువు, వెనుకవైపు దాన్ని నిలబెట్టే పెద్ద ఇనుప దిమ్మ ఉంటాయి. బరువు ఎక్కువైతే వెనుక చక్రాలు లేస్తాయి. సరుకు ఎంత పైకెత్తితే బండి అంత సులువుగా ఒరుగుతుంది. ఖాళీ బండి అయినా వేగంగా తిప్పితే పక్కకు పడుతుంది.

పైగా ట్రాక్టరుకు ముందు చక్రాలు తిరుగుతాయి, దీనికి వెనుక చక్రాలు తిరుగుతాయి. ఎడమకు తిప్పితే బండి వెనుక భాగం విసురుగా కుడికి వస్తుంది. పక్కన నిలబడ్డ మనిషిని గోడకు అదిమేస్తుంది. అందుకే ఇది చూసి నేర్చుకునే పని కాదు.

శిక్షణ అంటే ఏమిటి?

శిక్షణలో మూడు భాగాలుండాలి. మొదట పాఠం చెప్పాలి. బండి మీది ప్లేటు చూసి ఎంత బరువు ఎత్తవచ్చో తెలుసుకోవడం ఇందులోనిదే. తర్వాత ఖాళీ స్థలంలో, నేర్పేవారి కళ్ల ముందు సాధన చేయించాలి. చివరగా పనిచేసే చోటే పరీక్ష పెట్టాలి. అమెరికాలో 1998లో తెచ్చిన నిబంధన ప్రకారం ఈ మూడూ తప్పనిసరి. కనీసం మూడేళ్లకోసారి డ్రైవరు పనిని మళ్లీ పరిశీలించాలి. మన దేశంలోనూ కార్మికులకు అవసరమైన శిక్షణ ఇవ్వడం యజమాని బాధ్యత అని 1987లోనే ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారు.

నేర్చుకున్నవారు మరువకూడనివి:

1. పని మొదలుపెట్టే ముందు బ్రేకులు, హారన్, టైర్లు, గొలుసులు, ఆయిల్ కారడం చూసుకోవాలి.
2. సీటు బెల్టు పెట్టుకోవాలి. కూర్చుని నడిపే బండి ఒరిగితే దూకవద్దు. స్టీరింగు గట్టిగా పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి, బండి పడే వైపుకు ఎదురుగా వంగాలి.
3. సరుకును నేలకు కాస్త ఎత్తులోనే ఉంచి కదలాలి. ఎదుట దారి కనబడకపోతే వెనక్కు చూస్తూ రివర్సులో వెళ్లాలి.
4. ఏటవాలులో ఎక్కినా దిగినా సరుకు ఎగువవైపే ఉండాలి.
5. ఫోర్కుల మీద మనుషులను ఎక్కించవద్దు. ఎత్తిన సరుకు కింద ఎవరూ నిలబడకూడదు.

ఆరోగ్యం సంగతి

ఫిట్స్, కళ్లు తిరగడం, చూపు మందగించడం ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ బండి ఎక్కవద్దు. జలుబుకు వాడే కొన్ని మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. మందు రాయించుకునేటప్పుడే "నేను ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను" అని చెప్పండి. తాగి నడపడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

ప్రమాదం జరిగితే

ముందు బండి ఆపి, 108కి ఫోన్ చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలిందనిపిస్తే మనిషిని లేపి కూర్చోబెట్టవద్దు. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వవద్దు, ఆపరేషను అవసరం కావచ్చు. కాలి మీదుగా చక్రం వెళ్లినప్పుడు పైచర్మం చిట్లకపోయినా ఆసుపత్రికి రావాలి. లోపల వాపు పెరిగి రక్తప్రసరణ ఆగిపోవచ్చు. నొప్పి ఎక్కువవుతున్నా, తిమ్మిరెక్కినా గంటలు లెక్కపెడుతూ ఇంట్లో కూర్చోవద్దు.

ఆ అబ్బాయి చాలా వారాలు మా వార్డులో ఉన్నాడు. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నాడు. మొన్న చెకప్‌కు వచ్చినప్పుడు వాళ్ల తమ్ముడికీ గోడౌన్‌లో పని దొరికిందని తల్లి చెప్పింది. "బండి ఎక్కమంటే, ముందు నేర్పించండి అని అడగమన్నాను సిస్టరమ్మా" అంది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ పనిలో ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్క మాట అడగండి: "నీకు ఎవరు నేర్పారు? ఎన్ని రోజులు నేర్పారు?" జవాబు సరిగా రాకపోతే, రేపు ఆ తాళం చెవి తీసుకోవద్దని చెప్పండి.