కారే బ్రేకు వేస్తే... డ్రైవరేం చేయాలి?

హైవే మీద కారు సాఫీగా సాగిపోతోంది. పక్క వరుసలోంచి ఓ బైకు ఉన్నట్టుండి ముందుకు దూరింది. డ్రైవరు కాలు బ్రేకును చేరేలోపే హెచ్చరిక మోగింది, కారు తనంతట తానే గట్టిగా బ్రేకు వేసింది. బైకు మీదున్నవారు క్షేమం. మరి, వెనకే వస్తున్న లారీ సంగతేమిటి?

డ్రైవర్‌కు తోడ్పడే 'అడాస్' వ్యవస్థ గురించి మన దేశంలో వినిపించే రెండు రకాల అభిప్రాయాలూ ఈ ఒక్క దృశ్యంలోనే ఉన్నాయి. దూర ప్రయాణాలు చేసేవారు ఇది ప్రాణరక్షకమంటారు. ఊళ్లో రద్దీలో నడిపేవారిలో చాలామంది బండి ఎక్కగానే దాన్ని ఆపేస్తామంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది.

మొదట లాభం చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 22 మీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి కాలు కదిపేందుకు మనిషికి సెకనున్నర పట్టిందనుకుంటే, బ్రేకు పడకముందే కారు 33 మీటర్లు వెళ్లిపోతుంది. యంత్రం ఈ వ్యవధిని బాగా తగ్గించగలదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. ఈ లెక్క చూస్తే ఆ కొద్ది మీటర్ల విలువ తెలుస్తుంది.

మరి చిక్కెక్కడ? ఈ వ్యవస్థకు ప్రధానమైన కళ్లు రెండు. ఒకటి రాడార్. సుమారు 77 గిగాహెర్ట్జ్ తరంగాలను పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి ఎదుటి వస్తువు దూరాన్నీ వేగాన్నీ లెక్కగడుతుంది. కానీ అది ఆటోనా, ఆవా అన్నది పోల్చుకోవడం దానికి కష్టం. ఆ పని రెండో కన్నయిన కెమెరాది. కెమెరాకేమో కుండపోత వాన, పొగమంచు, చెరిగిపోయిన తెల్లగీతలు అడ్డంకి. పైగా తాను నేర్చుకున్న బొమ్మలనే అది బాగా గుర్తుపడుతుంది. గీత దాటని విదేశీ ట్రాఫిక్‌తో నేర్చుకున్న కెమెరాకు ఎదురొచ్చే ట్రాక్టరు కొత్తే.

ఈ లోటును ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు ముందే గమనించారు. హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో 182 ప్రయాణాల్లో తీసిన దృశ్యాల నుంచి 10 వేల చిత్రాలను ఎంచి, వాటిలోని వస్తువులను 34 వర్గాలుగా గుర్తించి 2018లో విడుదల చేశారు. అందులో ఆటోలున్నాయి, జంతువులున్నాయి. రోడ్డు కాకపోయినా బండి దిగి వెళ్లగలిగే మట్టి అంచుకూ ఒక వర్గముంది. ఆ అంచు మీదుగా బండ్లు పోవడం మన డ్రైవర్లకు కొత్త కాదు, యంత్రానికి మాత్రం నేర్పాల్సిందే.

డ్రైవర్ల మరో ఫిర్యాదు టచ్‌స్క్రీన్ గురించి. మీటలైతే చేతి స్పర్శకే తెలుస్తాయి, తెర మీదైతే కళ్లు తిప్పి చూడాలి. 2022లో స్వీడన్ పత్రిక వీ బిల్‌ఎగరె గంటకు 110 కిలోమీటర్ల వేగంలో కొన్ని మామూలు పనులు చేయించి చూసింది. 2005 నాటి మీటల కారులో అవి 10 సెకన్లలో పూర్తయ్యాయి. ఆలోగా కారు 306 మీటర్లు వెళ్లింది. అదే పనులకు ఒక కొత్త తెర కారులో దాదాపు 45 సెకన్లు పట్టింది. అంటే 1,372 మీటర్లు! కొత్తదల్లా మేలైనది కాదన్న డ్రైవర్ల మాట ఉత్త సణుగుడు కాదన్నమాట.

అలాగని కొత్తదాన్ని తోసిపుచ్చనూ లేం. ఏబీఎస్ వచ్చిన కొత్తలో పెడల్ అదరగానే బ్రేకు చెడిందనుకుని కాలు తీసేసినవారున్నారు. చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకును క్షణక్షణం వదిలి పట్టడం వల్లే ఆ అదురు అని తెలిశాక భయం పోయింది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి.

అడాస్‌కూ అదే దారి. నేడు మన రోడ్లపై ఉన్న ఈ కార్లు తోడ్పడేవే తప్ప తమంతట తాము నడిచేవి కావు. బాధ్యత డ్రైవరుదే. రాడార్, కెమెరాల మీది బురద తుడవడం, ముందు బండికి తగినంత ఎడం ఉంచడం, ఏ హెచ్చరిక దేనికో కొన్ననాడే తెలుసుకోవడం అతని పని. ఇక వెనక వచ్చే లారీ కూడా ఎడం పాటిస్తేనే ముందు కారు వేసిన బ్రేకు అందరినీ కాపాడుతుంది.