70 మిల్లీమీటర్ల వెల

హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో తలెత్తి చూస్తే సినిమా హాళ్ల పేర్ల పక్కన ఇంకా అంకెలు కనిపిస్తాయి. దేవి 70 ఎం.ఎం., సుదర్శన్ 35 ఎం.ఎం. ఈ మిల్లీమీటర్లు ఫిల్ము వెడల్పుకి కొలతలు. మన హాళ్లలో ఫిల్ము తిరగడం ఆగిపోయి పదేళ్లు దాటింది. బొమ్మ ఇప్పుడు హార్డ్‌డిస్కులో వస్తుంది, లేదా ఉపగ్రహం నుంచి దిగుతుంది. దానికి 70 ఏమిటి, 35 ఏమిటి? అయినా పేర్లు అలాగే ఉన్నాయి. ట్యాంక్‌బండ్ దగ్గర ఆటో ఎక్కి ‘ఐమాక్స్’ అని చూడండి, మారుమాట లేకుండా ప్రసాద్స్ ముందు దించుతాడు. అక్కడి ఐమాక్స్ యంత్రం ఎప్పుడో వెళ్లిపోయింది. ఊరి నోట్లో పేరు మాత్రం ఉంది.

పెద్ద తెరకి, 3డీకి అదనంగా డబ్బు పెట్టేటప్పుడు మనం కొంటున్నది పేరునా, యంత్రాన్నా? ఇది తేలాలంటే ఆపరేటర్ గదిలోకి వెళ్లాలి.

మామూలు 35 ఎం.ఎం. ప్రొజెక్టర్ చేసే పని వినడానికి తేలిక. ఫిల్మును లాగుతుంది, ఆపుతుంది, వెలుగు చూపిస్తుంది, వెలుగు మూసి మళ్లీ లాగుతుంది. సెకనుకి 24 సార్లు. ఫిల్ము ఆగకపోతే తెర మీద బొమ్మ ఉండదు, మసక చారలే. ఆ లాగడం అంచునున్న చిల్లుల్లో పళ్లు దూర్చి చేస్తారు. ఒక బొమ్మకి నాలుగు చిల్లులు. 70 ఎం.ఎం.లో ఐదు. అంతవరకు ఫిల్ము తట్టుకుంటుంది. ఇంకా పెద్ద బొమ్మ కావాలంటే ఒక్కో కుదుపులో ఇంకా ఎక్కువ ఫిల్ము లాగాలి. లాగితే చిరుగుతుంది.

1967లో కెనడాలోని మాంట్రియల్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అప్పటి మోజు బహుళ తెరలు. పక్కపక్కనే అనేక తెరలు పెట్టి ఒక్కోదాని మీదకి ఒక్కో ప్రొజెక్టర్ తిప్పేవారు. అక్కడ అలాంటి సినిమాలు తీసినవాళ్లలో గ్రేమ్ ఫెర్గూసన్, రోమన్ క్రోయిటర్ ఉన్నారు. చూసినవాళ్లు మెచ్చుకున్నారు గానీ అన్ని యంత్రాలనూ ఒకే తాళంలో నడిపించడానికి పడ్డ అవస్థ వాళ్లకే తెలుసు. ఇన్ని చిన్న యంత్రాల బదులు ఒక్క పెద్ద యంత్రం ఉంటే? ఫెర్గూసన్ పాత స్నేహితుడు రాబర్ట్ కెర్‌ను కలుపుకుని కంపెనీ పెట్టారు. అదే ఇప్పటి ఐమాక్స్. యంత్రం చేసే మనిషి కోసం గాల్ట్ అనే చిన్న ఊళ్లో తమతో చదువుకున్న విలియం షాను పిలిచారు. షా ఇంజనీరే, కానీ సినిమా ప్రొజెక్టర్ల మనిషి కాదు. అదే మంచిదైందని నా అనుమానం. ‘ఇది కుదరదు’ అని ముందే నేర్చుకుని రాలేదు.

అసలు కిటుకు కెనడాలో పుట్టలేదు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌కి చెందిన రాన్ జోన్స్ 1960లలో ఫిల్మును లాగకుండా నడిపించే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. దాని పేరు రోలింగ్ లూప్. పేటెంటు కెనడావాళ్లు కొన్నారు.

ఇంట్లో పెద్ద జంపఖానా పరిచాక అది గోడకి జానెడు దూరంగా పడిందనుకోండి. అంచు పట్టి లాగితే మొత్తం బరువు లాగాలి, కుట్లు ఊడతాయి. తెలిసినవాళ్లు ఒక కొసన చిన్న ముడత లేపి, ఆ ముడతని కాలితో రెండో కొసదాకా తోసుకుంటూ పోతారు. ముడత అవతలికి చేరేసరికి జంపఖానా జానెడు జరిగి ఉంటుంది. దాని మీద ఏ చోటునీ ఎవరూ గుంజలేదు. గొంగళిపురుగు నడకా ఇదే. ఐమాక్స్ ప్రొజెక్టర్‌లో ఫిల్ము అడ్డంగా పరుచుకుని ఇలా అలలు అలలుగా కదులుతుంది. తిరిగే పెద్ద చక్రం ఒక్కో ముడతని పట్టుకొచ్చి, లెన్సు ముందు నెమ్మదిగా పరిచి పోతుంది. పరిచిన బొమ్మ కదలకుండా కొయ్యల్లాంటి పిన్నులు చిల్లుల్లో కూర్చుంటాయి. గాలి లాగేస్తే ఫిల్ము లెన్సుకి అతుక్కుని చదునుగా నిలుస్తుంది. ఇస్త్రీ చేసినట్టు. మామూలు ప్రొజెక్టర్‌లో దీపం వేడికి ఫిల్ము ఉబ్బి మధ్యలోనో అంచుల్లోనో బొమ్మ మసకబారే బాధ ఇక్కడ లేదు.

చిరుగుతుందన్న భయం పోయింది కాబట్టి బొమ్మకి నాలుగు, ఐదు కాదు, 15 చిల్లుల పొడవు ఇచ్చారు. ఒక్కో బొమ్మ దాదాపు 70 మిల్లీమీటర్ల వెడల్పు, 48 మిల్లీమీటర్ల ఎత్తు. పాత 35 ఎం.ఎం. బొమ్మకి తొమ్మిది రెట్లు పైచిలుకు వైశాల్యం. ఫిల్ము సెకనుకి 1.7 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. వెనక 15 కిలోవాట్ల జెనాన్ దీపం. మన స్నానాల గదిలో గీజర్లు ఏడెనిమిది ఒకేసారి వేస్తే ఎంతో అంత. దాన్ని చల్లార్చడానికి నీళ్లు తిరుగుతుండాలి.

1970లో జపాన్‌లో ఒసాకా ప్రదర్శనలో ఈ యంత్రం మొదటిసారి ‘టైగర్ చైల్డ్’ అనే 17 నిమిషాల సినిమా ఆడించింది. మరుసటి ఏడాది టొరంటోలోని సినీస్పియర్‌లో శాశ్వతంగా కాపురం పెట్టింది. ఆ తర్వాత చాలాకాలం దానికి హీరోలూ పాటలూ లేవు. కొండలు, సముద్రాలు, తిమింగలాలు. 1984 నుంచి అమెరికా స్పేస్ షటిల్ వ్యోమగాములు దాని కెమెరా వెంట తీసుకెళ్లి భూమిని తీసుకొచ్చారు. మ్యూజియం యంత్రమన్నమాట. కథా సినిమాలు తర్వాత వచ్చాయి. 2008లో వచ్చిన ‘ది డార్క్ నైట్’లో క్రిస్టఫర్ నోలన్ దాదాపు అరగంట భాగం ఆ కెమెరాతోనే తీశాడు.

ఆ ఫిల్ము బరువు ఎంతో తెలియాలంటే ‘ఓపెన్‌హైమర్’ ప్రింటు చూడాలి. మూడు గంటల సినిమా, దాదాపు 18 కిలోమీటర్ల ఫిల్ము, 270 కిలోలు. 2023లో ప్రపంచం మొత్తం మీద 30 హాళ్లు మాత్రమే దాన్ని ఆ రూపంలో ఆడించగలిగాయి. మన దేశంలో ఒక్కటీ లేదు. ఆ హాళ్లలో రీళ్ల పళ్లేలను నడిపే అదుపు పెట్టె పాత పామ్‌పైలట్ జేబు కంప్యూటర్. అవి దొరకడం ఆగిపోయేసరికి, దాని వేషం వేసే సాఫ్ట్‌వేర్‌ని టాబ్లెట్‌లో పెట్టి బండి నడిపించారు. కొత్త సినిమా, ముసలి యంత్రం, దానికి ఊతకర్ర.

2003 జూలైలో ఎల్.వి. ప్రసాద్ కుటుంబం హైదరాబాద్‌కి ఈ యంత్రాన్ని తెచ్చింది. తెర 95 అడుగుల వెడల్పు, 72 అడుగుల ఎత్తు. మొదటిసారి వెళ్లినప్పుడు సినిమా కన్నా ముందు నన్ను భయపెట్టినవి మెట్లు. బావిలోకి దిగుతున్నంత నిటారు. ముందువాడి తల నా మోకాళ్ల దగ్గర. లోయ మీదుగా కెమెరా ఎగిరిన చోట కుర్చీ చేతుల్ని ఎందుకు పట్టుకున్నానో ఆ పక్కనున్న ముసలాయన కూడా అందుకే పట్టుకున్నాడు. అలా పట్టుకోవడానికి ఎంతైనా ఇవ్వొచ్చు అనిపించింది.

ఫిల్ము ప్రింటు ఒక్కోదానికి వేలకొద్దీ డాలర్లు. డిజిటల్ కాపీకి దాదాపు ఏమీ కాదు. 2008లో ఐమాక్స్ కంపెనీ ఫిల్ము బదులు రెండు 2కే డిజిటల్ ప్రొజెక్టర్లు పెట్టడం మొదలుపెట్టింది. మామూలు మల్టీప్లెక్స్ హాల్లోనే తెర కాస్త పెంచి అదే పేరు తగిలించారు. మరుసటి ఏడాది నటుడు అజీజ్ అన్సారీ అదనపు డబ్బు తీసుకుని చిన్న తెర చూపించారని బాహాటంగా దులిపేశాడు. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, లెక్క కూడా ఆయన పక్షమే. 2కే అంటే బొమ్మ వెడల్పులో 2048 చుక్కలు. 95 అడుగుల తెర మీద పరిస్తే ఒక్కో చుక్క 14 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి మందం. ఆరోగ్యమైన కంటికి అవి విడివిడిగా కనబడకుండా కలిసిపోవాలంటే 48 మీటర్ల దూరంలో కూర్చోవాలి. అంత దూరం హాలు దాటి పార్కింగులోకి వస్తుంది. 4కే అయితే చుక్క సగమవుతుంది, 24 మీటర్లు చాలు. అదే లెక్కన మామూలు మల్టీప్లెక్స్‌లో 40 అడుగుల తెరకి వెనక వరసల నుంచి 2కే సరిపోతుంది. పెద్ద తెరకి అదే పెడితే నెయ్యి గిన్నెలో నీళ్లు కలిపినట్టే. తర్వాత వచ్చిన 4కే లేజర్ జంట ప్రొజెక్టర్లు ఆ తేడాని చాలావరకు పూడ్చాయి. వెలుగు పెరిగింది, నలుపు నల్లబడింది.

ఇంకో మెలిక ఉంది. ఫిల్ము ఐమాక్స్ బొమ్మ చతురస్రానికి దగ్గర. మన తెలుగు సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో తీస్తారు, ఎత్తుకి 2.39 రెట్లు వెడల్పు. అలాంటి సినిమా 95 అడుగుల తెర వెడల్పంతా నింపినా ఎత్తు 40 అడుగుల దగ్గర ఆగిపోతుంది. మిగతా 32 అడుగులు ఖాళీ. ప్రసాద్స్ వాళ్లు తర్వాత పీసీఎక్స్ పేరుతో కొత్త తెర కట్టినప్పుడు వెడల్పు 101.6 అడుగులకి పెంచి, ఎత్తు 64కి తగ్గించారు. తెరలు కట్టేవాళ్లకి మన సినిమాల కొలత తెలుసు. పోస్టర్ల మీద ‘పెద్ద తెర’ అని రాసేవాళ్లకే తెలియనట్టుంటుంది. కాబట్టి నేను టికెట్టు కొనేముందు అడిగేది తెర ఎంత అని కాదు, సినిమాని ఏ కొలతలో తీశారని. ‘షోలే’ని 35 ఎం.ఎం.లో తీసి 70కి పెంచి చూపించినప్పుడు 1975లోనూ జనం సంతోషంగానే చూశారు. పెంచడం మోసమేం కాదు. కానీ ఫిల్ములో లేనిది తెర మీద పుట్టదు.

3డీ సంగతి వేరు. దాని యంత్రం ఆపరేటర్ గదిలో సగం, మన తలలో సగం. రెండు కళ్లకి రెండు బొమ్మలు వేర్వేరుగా చూపిస్తే మెదడు వాటిని కలిపి లోతు అల్లుకుంటుందని 1838లోనే చార్లెస్ వీట్‌స్టన్ చూపించాడు. మన దేశంలో మొదటి 3డీ సినిమా 1984 నాటి మలయాళ ‘మై డియర్ కుట్టిచాత్తన్’. తెలుగులో ‘చిన్నారి చేతన’. ఆ కళ్లద్దాల వల్ల కళ్లకలక అంటుకుంటోందని పుకారు పుడితే, ప్రతిసారీ వాటిని శుభ్రం చేస్తున్నామని చెప్పడానికి చిరంజీవి వంటి నటులతో చిన్న ముక్క తీసి సినిమా ముందు వేశారు.

కళ్లకలక భయం పోయింది, చీకటి పోలేదు. ఎక్కువ హాళ్లలో ఒకే ప్రొజెక్టర్ ఎడమ, కుడి బొమ్మల్ని చకచకా మార్చి వేస్తుంది. కాబట్టి ఒక్కో కంటికి సగం కాలమే వెలుగు. ఏ కంటి వెలుగు ఆ కంటికే చేరేలా దానికి అడ్డంగా పెట్టిన పోలరైజర్ మిగిలినదాంట్లో సగం పైగా మింగుతుంది. మన కళ్లద్దాలు ఇంకొంత. చివరికి ఐదో వంతు మిగిలితే గొప్ప. వెండి పూత తెర కొంత తిరిగి ఇస్తుంది. ఆ మధ్య ఒక మల్టీప్లెక్స్‌లో డ్రాగన్ సినిమాకి వెళ్లాను. కళ్లద్దాలకి విడిగా డబ్బు తీసుకున్నారు. రాత్రి యుద్ధంలో నాకు కనబడింది డ్రాగన్ పళ్లు మాత్రమే. కళ్లద్దాలు తీసి చూస్తే బొమ్మ రెండుగా చీలి ఉంది గానీ, డ్రాగన్‌కి రెక్కలూ ఉన్నాయని తెలిసింది. దీపం ముసలిదై ఉంటుంది. దీపం మార్చడం ఖర్చు, టికెట్టు ధర మార్చడం కాదు.

ఇంకో విచిత్రం. 2డీ సినిమా కూడా 3డీ చీకట్లో చూడాల్సి రావచ్చు. కొన్ని ప్రొజెక్టర్లకి 3డీ లెన్సు విడిగా తగిలిస్తారు. ఆట మారాక దాన్ని తీయకుండా వదిలేస్తే బొమ్మ మసక. అమెరికాలో ఇది విరివిగా జరుగుతోందని 2011లో బోస్టన్ గ్లోబ్ పత్రిక రాసింది. ఆ రకం యంత్రానికి ఆనవాలు కూడా చెప్పింది. 2డీ ఆటలో వెనక్కి తిరిగి ఆపరేటర్ గది కిటికీ చూస్తే ఒకదాని మీద ఒకటిగా రెండు వెలుగులు కనిపిస్తాయి. అప్పటినుంచి సినిమా మొదలవగానే వెనక్కి తిరగడం నాకు అలవాటైంది. పక్కసీటువాళ్లు నన్ను అనుమానంగా చూడటం వాళ్లకి అలవాటైంది.

తలనొప్పికీ కారణం ఉంది. ముక్కు ముందు వేలు పెట్టుకుని చూడండి. కళ్లు దగ్గరికి మళ్లుతాయి, కంటి కటకం కూడా ఆ దగ్గరికే సర్దుకుంటుంది. పుట్టినప్పటి నుంచి ఈ రెండు పనులూ జోడెద్దులు. 3డీలో బాణం మీ ముఖం దాకా వస్తే కళ్లు బాణం వైపు మళ్లాలి, కటకం మాత్రం ఇరవై మీటర్ల అవతలున్న తెర మీదే ఉండాలి. ఒక ఎద్దు ఇటు, ఒకటి అటు. దీనివల్ల కళ్లు అలసిపోతాయని 2008లో బర్క్‌లీలో మార్టిన్ బ్యాంక్స్ బృందం ప్రయోగంతో చూపించింది. ఒక కన్ను మందగించినవాళ్లకి ఆ లోతు సరిగ్గా కనబడదు. వాళ్లకి ఆ టికెట్టు శుద్ధ దండగ.

అందుకే ‘అవతార్’లా రెండు లెన్సుల కెమెరాతో తీసినదైనా, కంప్యూటర్‌లో పుట్టిన బొమ్మల సినిమా అయినా 3డీకి డబ్బు పెడతాను. మామూలు కెమెరాతో తీసి, తర్వాత కూర్చుని లోతు అతికించిన వాటికి పెట్టను. మన పెద్ద సినిమాల్లో ఎక్కువ ఈ రెండో రకం. ‘ఆర్ఆర్ఆర్’ని నేను 2డీలోనే చూశాను, దేనికీ కొరత అనిపించలేదు.

పెద్ద తెరలో కొనాల్సింది కంటిని నింపే కోణం. 95 అడుగుల తెరని 71 అడుగుల దూరం నుంచి చూసినా, 40 అడుగుల తెరని 30 అడుగుల నుంచి చూసినా కంటికి ఒకే వెడల్పు. కాకపోతే మామూలు హాల్లో అంత ముందుకి వెళ్తే మెడ పడుతుంది. నిటారు మెట్లున్న హాల్లో పట్టదు. కానీ మన రక్తంలో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ ఉన్నాయి. ఎంత వెనకైతే అంత మర్యాద. ఫోన్‌లో చూడండి, పెద్ద తెర హాల్లోనూ ముందు నిండేది ఆఖరి వరసలే. వందలు ఎక్కువ ఇచ్చి, కోణమంతా పోగొట్టుకుని, మామూలు హాలంత తెర చూసి వస్తారు.

మొన్న మా బావని ఓ పెద్ద తెరకి తీసుకెళ్లి మధ్య కన్నా మూడు వరసలు ముందు కూర్చోబెట్టాను.

‘‘ఏం బావా, ఇంత డబ్బు పోసి నేల టికెట్టు కొన్నావా?’’ అన్నాడు.

మెడ పట్టేస్తుందని గొణుగుతూనే కూర్చున్నాడు. పట్టలేదు. బొమ్మ పడ్డాక నేను వెనక్కి తిరిగి కిటికీ చూశాను, ఒకటే వెలుగు. ముందుకి తిరిగితే సినిమా స్కోప్‌లో తీసినది. తెర పైనా కిందా నల్లటి పట్టీలు శుభం కార్డు దాకా అలాగే ఉన్నాయి.